నలభై ఒకటో టైటిల్

షట్టర్ సగం దిగిన దగ్గర పోయినవారం ఆగాం. దించుతున్నది మధు. లోపల కుర్చీలో గోవిందప్ప కూర్చుని ఉన్నాడు. టేబుల్ వెనక హరిత నిలబడి ఉంది. ఆమె ఫోన్ నేలమీద రెండు ముక్కలై పడి ఉంది. గోడ గడియారంలో నాలుగు గంటల పది నిమిషాలు.

అంతకుముందు జరిగింది ఇది. మూడు నెలల కిందట ఖాజాగూడ చెరువు పక్కన గోవిందప్ప వేసిన వెంచర్‌కి భూమిపూజ చేశారు. పూజ అయిన కాసేపటికే ఆయన తమ్ముడు ఓబులేసు తలకి ఇనుప రాడ్ దెబ్బ తగిలి అక్కడే చనిపోయాడు. వీడియో తీయడానికి వచ్చిన ఉదయ్ భాస్కర్ స్టాండ్ మీద కెమెరా వదిలేసి భోజనానికి వెళ్ళాడు. కెమెరా తిరుగుతూనే ఉంది. ఆయన దాన్ని డిస్క్ చేసి స్టేషన్‌లో ఇచ్చాడు. స్టేషన్ వాళ్ళు కాపీ కోసం మాదాపూర్‌లో హరిత షాపుకి పంపారు. పాత సీడీలు, డీవీడీలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం ఆమె పని. ఆమె కాపీ తీసింది. అసలుకీ నకలుకీ తేడా లేదని సర్టిఫికెట్ మీద సంతకం పెట్టింది. వీడియో చూడలేదు. ఆ కాపీని బట్టి నాలుగో రోజున సైట్ ఇంజనీర్‌ని అరెస్ట్ చేశారు. అతని పేరు భరత్. హరిత తమ్ముడు.

రెండు వారాల కిందట ఉదయ్ భాస్కర్‌ని ఎవరో ఇంటి ముందే కొట్టారు. ఆయనకి ఇంకా స్పృహ రాలేదు. ఆయన బీరువాలో ఉన్న రెండో డిస్క్‌ని ఆయన భార్య హరితకి ఇచ్చి వెళ్ళింది. దాన్ని చూశాక హరిత లాయర్ దగ్గరికి పరుగెత్తింది. కోర్టు భరత్‌కి బెయిల్ ఇచ్చింది. ఈ సాయంత్రం అతను చంచల్‌గూడ జైలు నుంచి బయటికి వస్తాడు.

మధు షట్టర్ పూర్తిగా దించాడు. దించడానికి వాడే ఇనుప కొక్కేన్ని గోడకి ఆనించాడు. భుజానికి ఉన్న సంచి తీసి తలుపు పక్కన పెట్టాడు. పక్క బిల్డింగ్‌లో మార్బుల్ కోస్తున్నారు. ఆ మిషన్ ఆగితే తప్ప ఇక్కడి శబ్దం వీధిలోకి పోదు. పైన హాస్టల్. ఆ వేళకి అందరూ ఆఫీసుల్లో ఉంటారు.

"కూర్చో పాప," అన్నాడు గోవిందప్ప. "మీది యా ఊరు?"

"కదిరి దగ్గర, సార్."

"మా పక్కే. మనోళ్ళు అబద్ధం చెప్పరని కాదు. చెప్తే మొగం మీద తెలిసిపోతాది. అందుకే లాయర్‌ని పంపకుండా నేనే వచ్చినా."

జేబులోంచి కాగితం తీసి టేబుల్ మీద పరిచాడు. ఆమె ఇచ్చిన సర్టిఫికెట్‌కి జిరాక్స్.

"ఈ సంతకం నీదేనా?"

"నాదే."

"ఏం రాసినావు ఇందులో?"

"అసలు డిస్క్‌లో ఉన్నదే కాపీలో ఉందని."

"మొన్న మీ లాయర్ ఏం చెప్పినాడు?"

"కాపీ తప్పని."

"సంతకం పెట్టినప్పుడు ఒప్పు. తమ్ముడు కనపడినాక తప్పు. అంతేనా?"

"చూడకుండా పెట్టినా సార్. ఆ రోజు ముప్పై డిస్క్‌లు ఉన్నాయి. కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు."

మధు ఆమె చెంప మీద కొట్టాడు. ఆమె తల వెనకనున్న ర్యాక్‌కి తగిలింది. నాలుగు డిస్క్ డబ్బాలు కింద పడ్డాయి.

"చూడకుండనే పెట్టినదంట. మంచిగ చెప్తున్నవక్కా," అన్నాడు. "సార్ ముంగట ఈ కతలు వద్దు."

గోవిందప్ప మధు వైపు చూశాడు. పదహారేళ్ళుగా మధు ఆయన దగ్గర ఉన్నాడు. కారు నడపడంతో మొదలుపెట్టి, ఇప్పుడు సైట్ల మీద మనుషుల్ని చూసే పని దాకా వచ్చాడు.

"విను పాప. జైలు గేటు కాడ మా పిల్లోళ్ళు ముగ్గురు ఉండారు. నీ కాడ దాచేదేం లేదు. నువ్వు నిజం చెప్తే నీ తమ్ముణ్ణి ఒక్క దెబ్బతో పంపిస్తారు. అబద్ధం చెప్తే చానాసేపు పడతాది."

హరిత పెదవి తుడుచుకుంది. చేతికి రక్తం అంటింది.

"మూడోది లేదా సార్?"

"ఏంది మూడోది?"

"వాడు చంపలేదనేది."

మధు మళ్ళీ చెయ్యెత్తాడు. గోవిందప్ప వేలెత్తి ఆపాడు.

"చెప్పనీ."

హరిత చెప్పింది. డిస్క్‌లో ఒక్కో వీడియోకి ఒక్కో నంబరు ఉంటుంది. దాన్ని టైటిల్ అంటారు. మామూలు సినిమా డిస్క్‌లో ఐదో ఆరో ఉంటాయి. పొడుగైనది సినిమా. మిగతావి పాటలు, ట్రైలర్లు. కాపీ తీసే సాఫ్ట్‌వేర్ పొడుగైనదానికి తనే టిక్ పెట్టుకుంటుంది. షాపు వాళ్ళు ఎంటర్ కొడతారు.

"పదకొండేళ్ళుగా అదే చేస్తున్నా సార్. ఎప్పుడూ తప్పు రాలేదు."

"ఈ డిస్క్‌లో ఎన్ని?"

"తొంభై తొమ్మిది."

"అన్ని వీడియోలు తీసినాడా వాడు?"

"తీసింది ఒకటే. ఎనిమిది ముక్కలు చేసి, ముక్కల్ని తొంభై తొమ్మిది రకాలుగా అతికించాడు. ఒక్కదాంట్లోనే వరస సరిగ్గా ఉంటుంది. ఆయన ముందు బాలానగర్‌లో డిస్క్‌ల ఫ్యాక్టరీలో పనిచేశాడు. సినిమా డిస్క్‌లకి ఇట్లా చేసేవాళ్ళు. దొంగ కాపీ తీసినవాడు తప్పు టైటిల్ ఎత్తుకుంటే శుభం కార్డు పడ్డాక హీరో పుడతాడు. ఫ్యాక్టరీ మూసేశారు. ఆయన అలవాటు మానలేదు. పెళ్ళి వీడియోలకీ, పూజలకీ అదే. వీడియో తీయించుకున్న పార్టీ వాళ్ళు పక్క షాపులో కాపీ కొట్టించుకుంటారని."

"పక్క షాపంటే?"

"నాలాంటిది సార్."

గోవిందప్ప మీసం కింద పెదవి కదిలింది. నవ్వు కాదు.

"నేను తీసింది పదిహేడో టైటిల్," అంది హరిత. "మిగతా అన్నిటికన్నా రెండు సెకన్లు పొడుగు. ఆ రెండు సెకన్లు ఆయన కావాలనే పెడతాడు. సాఫ్ట్‌వేర్ దానికే టిక్ పెట్టాలని. టీవీకి పెట్టే ప్లేయర్ నిడివి చూడదు. ప్లే నొక్కితే డిస్క్ మొదట్లో పడే మెనూ పంపిన చోటికే పోతుంది. నేను డిస్క్‌ని పాత ప్లేయర్‌లో వేసి ప్లే నొక్కినా. ప్లేయర్ ముఖం మీద టైటిల్ నంబరు పడింది. నలభై ఒకటి."

"మెనూ చేసినోడు ఎవడు?"

"ఉదయ్ భాస్కర్ గారే."

"డిస్క్ ఇచ్చింది ఆయన పెండ్లాం. చూసింది నువ్వు. అక్కడ తొంభై తొమ్మిది ఉంటే నీ తమ్ముడికి పనికొచ్చేది ఒకటి ఏరుకున్నావు." గోవిందప్ప సర్టిఫికెట్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నలభై ఒకటే నిజమని ఎట్ల చెప్తావు పాప?"

మెనూ తప్ప ఆమెకి వేరే సాక్ష్యం లేదు. గడియారం నాలుగూ ఇరవై రెండు చూపిస్తోంది.

"ఇగ అయిపాయె సార్," అన్నాడు మధు.

కంప్యూటర్ డబ్బాని టేబుల్ మీంచి లాగి నేలకేసి కొట్టాడు. రెండు సార్లు తన్నాడు. పక్క రేకు ఊడింది. డిస్క్ ట్రే వేళ్ళతో పీకాడు. ఖాళీగా ఉంది.

"ఏడుంది?"

హరిత చేతులు వెనక్కి లాక్కుంది. అతను ఆమె ఎడమ చెయ్యి పట్టుకుని టేబుల్ మీద పరిచాడు. చిటికెన వేలు పట్టుకుని వెనక్కి విరిచాడు. ఎముక విరిగిన శబ్దం ముగ్గురికీ వినిపించింది. ఆమె మోకాళ్ళ మీద కూలబడింది. నోట్లోంచి గాలి వచ్చింది, కేక రాలేదు.

"ఇంక నాలుగున్నయ్ ఈ చేతికి. డిస్క్ ఏడుందక్కా?"

"మధూ."

"ఒక్క నిమిషం సార్."

"మధూ, నేను చెప్పినానా?"

మధు చెయ్యి వదల్లేదు.

"డిస్క్ పగలగొట్టమని నేను చెప్పలేదే," అన్నాడు గోవిందప్ప. "చూద్దామని వచ్చినా."

"కోర్టుల చూసినవ్ గద సార్. మల్లేం చూస్తవ్? చూసి పరేషాన్ ఐతవ్."

"సచ్చింది నా తమ్ముడు. పదిసార్లు చూస్తా. దాని చెయ్యి వదులు."

మధు వదిలాడు. హరిత కుడి చేత్తో గోడ మీది టీవీ చూపించింది. దాని కింద అరలో ప్లేయర్ ఉంది. డిస్క్ నిన్న రాత్రి నుంచి అందులోనే ఉంది. ఎడమ చేతిని కడుపుకి ఆనించుకుని లేచింది. రిమోట్ తీసుకుంది.

"మొదట నువ్వు తీసింది పెట్టు," అన్నాడు గోవిందప్ప. "కోర్టుది."

పదిహేడో టైటిల్ మొదలైంది. కెమెరాని పూజ సామాను కోసం కిందికి పెట్టారు. ఫ్రేమ్ మధ్యలో పసుపు రాసిన ఇటుక. ఇటుక మీద అరటిపండు. అరటిపండుకి గుచ్చిన ఊదుబత్తీలు. ఎడమ పక్క నేలమీద రాడ్. మనుషులు మోకాళ్ళ నుంచి నడుము దాకా కనిపిస్తారు. వంగితే తప్ప మొహం కనపడదు.

మూడో నిమిషంలో భరత్ ఫ్రేమ్‌లోకి వచ్చాడు. వంగి రాడ్ తీసుకున్నాడు. మొహం స్పష్టంగా పడింది. తర్వాతి ముక్కలో ఎవరి చేతిలోదో తెలియని రాడ్ ఎడమ నుంచి వచ్చింది. ఓబులేసు పంచె కుడి వైపుకి ఒరిగి ఫ్రేమ్ బయటికి పోయింది. రాడ్ నేలమీద పడింది. ఆ తర్వాతి ముక్కలో మధు వంగి రాడ్ తీసుకున్నాడు. దెబ్బ తర్వాత తను వచ్చానని, ఇంకెవరి మీదా పడకుండా రాడ్ తీసేశానని మధు స్టేషన్‌లో చెప్పాడు. కాపీ ఆ మాటకి సరిపోయింది.

"నలభై ఒకటిలో?" అన్నాడు గోవిందప్ప.

"ఇవే మూడు ముక్కలు. మధు రాడ్ తీసుకోవడం ముందు. దెబ్బ మధ్యలో. భరత్ చివర."

"సార్, ముక్కలు ఎట్లంటే అట్ల అతికిస్తరని ఆమెనే చెప్తున్నది," అన్నాడు మధు. "ఇంక దీంట్ల చూసేదేముంది?"

గోవిందప్ప కుర్చీ టీవీ దగ్గరికి జరుపుకున్నాడు.

"వెనక్కి తిప్పు పాప. నీ తమ్ముడు వంగినాడే, ఆడ ఆపు."

ఆపింది. ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. భరత్ మొహం చూడలేదు. ఇటుక వైపు చూశాడు.

"ఊదుబత్తీలు ఐదు. నేనే గుచ్చినా. పంతులు అరటిపండు తెమ్మంటే ఓబులేసే తెచ్చి ఇచ్చినాడు. దీపం కాడ అంటించి నేనే గుచ్చినా."

వేళ్ళు తెర మీద ఆనించాడు. ఊదుబత్తీల పక్కన అడ్డంగా పెట్టి కొలిచాడు. వేలిన్నర.

"దెబ్బ కాడికి పోనీ."

మూడు వేళ్ళు.

"మధు కాడికి."

నాలుగు వేళ్ళు. ఆయన ఆ నాలుగు వేళ్ళని తెర మీదే ఉంచాడు. మార్బుల్ మిషన్ ఒకసారి ఆగి మళ్ళీ మొదలైంది.

"వేలిన్నర. మూడు. నాలుగు," అన్నాడు. "కాలే ఊదుబత్తి పొడుగైతాదా పాప?"

హరిత తెర వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ వీడియోని ఆమె ఇరవైసార్లు చూసింది. తమ్ముడి మొహం చూసింది, రాడ్ చూసింది, నంబరు చూసింది. ఇటుక మీదికి ఆమె కళ్ళు పోలేదు.

"నలభై ఒకటి పెట్టు."

పెట్టింది. ఎనిమిది ముక్కలూ వరసగా నడిచాయి. ప్రతి ముక్కలో ఊదుబత్తి ముందుదానికన్నా తగ్గింది. ఎక్కడా పెరగలేదు. మధు వంగి రాడ్ తీసుకున్నాడు. రాడ్ ఎడమ నుంచి వచ్చింది. ఓబులేసు ఒరిగాడు. రెండు నిమిషాలు ఫ్రేమ్‌లో ఎవరూ లేరు. ఊదుబత్తి పొగ ఒక్కటే ఉంది. తర్వాత భరత్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. కుడి వైపుకి చూసి ఆగిపోయాడు. వంగి రాడ్ అందుకుని, కొట్టినవాడు ఇంకా అక్కడే ఉన్నాడేమోనని చుట్టూ తిరిగాడు.

గోవిందప్ప కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. వెనక్కి తిరగలేదు.

"ఎందుకు?"

మధు షట్టర్‌కి వీపు ఆనించి నిలబడ్డాడు.

"చెప్పుతోని కొట్టిండు సార్. పూజ కాడ, కూలోళ్ళ ముంగట. కొబ్బరికాయల సంచి మర్చిపోయిననని. పదహారేండ్లు చేసిన మీ ఇంట్ల. మీరెన్నడు కొట్టలె."

"వీడియో వాణ్ణి కొట్టింది?"

"నేనే."

"నా తమ్ముడి దినం నాడు నాకు అన్నం తినిపించింది నువ్వే కదరా."

మధు తల దించుకున్నాడు. గోవిందప్ప లేచాడు. నడుస్తూ గోడకి ఆనించిన ఇనుప కొక్కేన్ని అందుకున్నాడు. అది నాలుగడుగులు ఉంటుంది. ఆయన ఏం చేయబోతున్నాడో హరితకి అర్థమైంది. మధు బతకాలని ఆమెకి లేదు. ఆమెకి కావాల్సింది ఒక్క ఫోన్.

"సార్, ఆగండి. ముందు గేటు దగ్గర వాళ్ళకి చెప్పించండి. సార్."

ఆయనకి వినపడలేదు. మొదటి దెబ్బ నోటి మీద పడింది. మధు చేతులు అడ్డం పెట్టుకోలేదు. రెండో దెబ్బ దవడ కింద పడింది. అతను షట్టర్ మీదుగా జారి కూర్చున్నాడు. నేలమీద మూడు పళ్ళు పడ్డాయి. కింది దవడ ఎడమ పక్కకి జారి అట్లాగే ఉండిపోయింది. గోవిందప్ప మూడోసారి ఎత్తాడు. హరిత రెండు చేతులతో కొక్కెం పట్టుకుంది. విరిగిన వేలు దానికి తగిలి ఈసారి కేక బయటికి వచ్చింది.

ఆ కేకకి ఆయన ఆగాడు.

"వాళ్ళకి ఫోన్ చేయండి సార్. మీ పిల్లలకి."

గోవిందప్ప ఫోన్ తీశాడు. మొదటి నంబరు నొక్కాడు. తలుపు పక్కన మధు సంచిలో ఫోన్ మోగింది. రెండోది నొక్కాడు. సంచిలోనే మోగింది. మూడోది నొక్కలేదు. పనికి పోయే ముందు అందరి ఫోన్లూ మధు తీసి పెట్టుకుంటాడు, టవర్‌కి దొరక్కుండా. ఆ పద్ధతి నేర్పింది గోవిందప్పే.

హరిత ఆయన చేతిలో ఫోన్ లాక్కుంది. తల్లి జయమ్మ నంబరు నొక్కింది. నాలుగోసారి మోగాక ఎత్తింది. స్పీకర్ పెట్టింది.

"అమ్మా, ఎక్కడున్నావు?"

"పాపా, ఎవరి ఫోన్ ఇది? వచ్చేసినాడే. ఈ పొద్దు తొందరగా వదిలినారు. చిక్కిపోయినాడు చూడు, చొక్కా యాలాడుతా ఉండాది."

"ఎక్కడున్నారమ్మా?"

"కార్లో. సైట్ కాడ పిల్లోళ్ళంట, భరత్‌తో పనిచేసినారంట. ఆటో ఎందుకమ్మా మేం దింపుతాం అన్నారు. మంచి పిల్లోళ్ళు. ఇప్పుడే పెట్రోల్ కొట్టించుకోడానికి ఆపినారు."

"ఫోన్ వాళ్ళకియ్యి. ముందు కూర్చున్న వాళ్ళకి."

కారు తలుపు తెరిచి మూసిన శబ్దం వచ్చింది. బయట హారన్లు.

"ఎవరు?" అంది మగ గొంతు.

"గోవిందప్పను. ఆపండి. వాళ్ళిద్దరినీ ఆడే దింపేయండి. వాడు కాదు చేసింది."

అవతల పెట్రోల్ పంపు నడుస్తున్న శబ్దం.

"నమస్తే సార్. మధన్న ముందే చెప్పిండు. సార్ ఫోన్ చేస్తడు, ఆఖర్ల దిల్ మెత్తగైతది, ఆగమంటడు, ఆగొద్దన్నడు. ఆగితే రేపు పొద్దుగాల ఎందుకాపిన్రని సారే మనల్ని తంతడన్నడు."

"నేను చెప్తా ఉండా."

"మీరు చెప్తరనే ఆయన చెప్పిండు సార్. మధన్నకియ్యుండ్రి. ఆయన ఒక్క మాటంటే దింపేస్తం. పెట్రోల్ అయ్యేదాక చూస్త."

హరిత మధు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. రక్తం అతని చొక్కా బొత్తాల మీదుగా కారుతోంది. దవడ వేలాడుతోంది. ఆమె తన చున్నీతో అతని నోరు తుడిచింది. అరచెయ్యి దవడ కింద పెట్టి పైకి ఎత్తి పట్టుకుంది. రెండో చేత్తో ఫోన్ అతని పెదవుల దగ్గర పెట్టింది.

"ఆగండి అను," అంది. "ఒక్క మాట. ఆగండి."

మధు ఆమె వైపు చూశాడు. ఆమె భుజం మీదుగా గోవిందప్ప వైపు చూశాడు. నాలుక కదిలింది. గొంతులోంచి తడి శబ్దం ఒకటి వచ్చింది. అది మాట కాలేదు.

"మధన్నా?" అంది ఫోన్. "అన్నా, నువ్వేనా?"

వెనక పెట్రోల్ పంపు ఆగింది.